నాలుగేళ్ళ పాప జుట్టు ఎర్రబడుతోంది, ప్రోటీన్ లోపమేనా? పౌడర్ పట్టాలా?

నరసన్నపేట అమ్మడు:
అందరికీ నమస్తే. మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా ఆయన చెన్నైలో బిల్డింగ్ పనుల మీద ఉంటారు, ఇంట్లో నేను, అత్తమ్మ, పాప. పాపకి నాలుగేళ్ళు నిండి మూడు నెలలు. అంగన్‌వాడీలో కొలిస్తే బరువు 13 కిలోలు, ఎత్తు 97 సెంటీమీటర్లు. ఈమధ్య జుట్టు పల్చబడింది, చివర్లు ఎర్రగా అవుతున్నాయి, జలుబు ఒకటి తగ్గేలోపు ఇంకోటి. తిండి అంటారా, పొద్దున్నే టీలో బిస్కట్లు, మధ్యాహ్నం చారన్నం లేదంటే పప్పు మీద తేట వేసి కలిపిన అన్నం, రాత్రీ అదే. గుడ్డు చూస్తే ముక్కు మూసుకుంటుంది. మందుల షాపతను పాపని చూడగానే ప్రోటీన్ తక్కువుంది అని ఒక డబ్బా తీసి చూపించాడు, ఆరు వందల పైమాటే. ఇంకోపక్క మా తోటికోడలు, ఇలాగే వదిలేస్తే కాళ్ళూ పొట్టా ఉబ్బిపోతాయి అని టెన్షన్ పెట్టేసింది. ఏటి చెయ్యాలో తెలీట్లేదు, డబ్బా కొనమంటారా?

రాజాం బుల్లోడు:
మా వాడికి పట్టాం అక్కా, కాస్త ఒళ్ళు చేశాడు. పాలు తాగని పిల్లలు ఆ రుచికైనా తాగుతారు కదా. కొనేయండి, ఎక్కువ ఆలోచించకండి.

విజీనారం నర్సమ్మ:
అమ్మడూ, డబ్బా సంగతి పక్కన పెట్టు, ముందు రెండు పనులు చెయ్యి. పాప రెండు పాదాల మీదా, వేళ్ళకి కాస్త పైన, బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీసి చూడు. గుంట పడి అలాగే ఉండిపోతే అది వాపు, రెండు కాళ్ళకీ ఉంటే ఆ రోజే ఆస్పత్రికి. రెండోది, ఎడమ చెయ్యి భుజానికీ మోచేతికీ మధ్యలో టేపు చుట్టించు. అంగన్‌వాడీ టీచర్ దగ్గర రంగుల టేపు ఉంటుంది. ఆరు నెలలు దాటి అయిదేళ్ళలోపు ఉన్న పిల్లలకి 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే తీవ్రమైన లోపం, 12.5 లోపయితే మధ్యస్థం. నువ్వు చెప్పిన బరువూ ఎత్తూ ఆ వయసు ఆడపిల్లకి తక్కువ వైపే ఉన్నాయి గానీ ప్రమాదపు గీత కిందికి దిగలేదు. అసలు చూడాల్సింది పెరుగుతోందా లేదా అన్నది. ఈ వయసులో ఏడాదికి దాదాపు రెండు కిలోలు, ఆరేడు సెంటీమీటర్లు పెరగాలి. పాత కార్డు వెతికి పోల్చి చూడు.

జుట్టు ఒక్కటీ చూసి ఏదీ తేల్చలేం. వెంట్రుక తయారయ్యేదే ప్రోటీన్‌తో కాబట్టి లోపం ముదిరితే పల్చబడుతుంది, రంగు మారుతుంది, పట్టి లాగితే ఊడొస్తుంది, నిజమే. కానీ ఎండలో ఆడే పిల్లలకి, తలకి నూనె లేని పిల్లలకి కూడా చివర్లు ఎర్రబడతాయి. రక్తం తక్కువున్నా, అంటే ఐరన్ లోపం ఉన్నా, జుట్టు రాలుతుంది. మా వార్డుకొచ్చే పిల్లల్లో ప్రోటీన్ ఒక్కటే తక్కువ అనిపించేవాళ్ళు అరుదు, అన్నీ కలిసే తక్కువుంటాయి.

మీ తోటికోడలు చెప్పిన ఉబ్బు జబ్బు పేరు క్వాషియార్కర్. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, కాళ్ళు వాస్తాయి, చర్మం పెచ్చులూడుతుంది, కాలేయంలో కొవ్వు చేరి పొట్ట ముందుకొస్తుంది, పిల్ల ఆడదు, నవ్వదు, ఎవరు పిలిచినా చిరాకు పడుతుంది. చూడ్డానికి బొద్దుగా ఉన్నట్టుంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు మోసపోతారు. ఎక్కువగా ఏడాది నుంచి మూడేళ్ళ పిల్లల్లో వస్తుంది, తల్లిపాలు మాన్పించాక, విరేచనాలో తట్టో వచ్చి వెళ్ళాక. ఆడుతూ తిరుగుతున్న పిల్లకి అది రేపే వచ్చేస్తుందని భయపడక్కర్లేదు.

జలుబులు మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఒంట్లో రోగాలతో పోరాడేవి కూడా ప్రోటీన్‌తోనే తయారవుతాయి, తిండి చాలకపోతే జబ్బు పడతారు, జబ్బు పడితే ఆకలి చచ్చిపోతుంది, మళ్ళీ తిండి తగ్గుతుంది, ఇదొక గానుగ. నులిపురుగుల మాత్ర ఆరు నెలలకోసారి అంగన్‌వాడీలోనే వేస్తారు, వేశారో లేదో అడుగు.

ఇంకొకటి, ట్రైనింగులో మాకు చెప్పింది. హైదరాబాద్ పోషకాహార సంస్థలో గోపాలన్ గారు 1960ల్లోనే చూపించారట, మన పిల్లల్లో చాలామందికి తక్కువయ్యేది ముందు మొత్తం తిండే అని. కడుపుకి చాలినంత పడకపోతే తిన్న ప్రోటీన్‌ని ఒళ్ళు కట్టెల్లాగా మండించేసుకుంటుంది, కండకి మిగలదు. చారన్నం తిని పైన పౌడర్ తాగితే జరిగేది అదే. ఆ డబ్బాల్లో చాలావాటిలో చక్కెర ఎంతుందో వెనక లేబుల్ మీద చదువు తమ్ముడూ రాజాం. 2024లో కేంద్రం ఆన్‌లైన్ షాపులకి వీటిని హెల్త్ డ్రింకులు అనే వరసలో అమ్మొద్దని చెప్పింది, ఆహార చట్టంలో అసలు ఆ పేరే లేదు కాబట్టి.

రాజాం బుల్లోడు:
సరే అక్కా, ఇంటికెళ్ళి లేబుల్ చూస్తా. కానీ తినని పిల్లకి తిండి పెట్టమంటే ఎలా పెడతారు, అది చెప్పండి మరి.

చోడంబలి:
నేను చెప్తా బాబూ, పాతికేళ్ళు అంగన్‌వాడీలో పిల్లలకి తినిపించినదాన్ని. అమ్మడూ, నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లకి రోజుకి కావాల్సింది దాదాపు 16 గ్రాముల ప్రోటీన్, అంతే. వంద గ్రాముల బియ్యంలో ఏడు దాకా వస్తాయి. ఒక గుడ్డుకి ఆరు. పిడికెడు కందిపప్పు అంటే ముప్ఫై గ్రాములనుకో, ఇంకో ఆరు. అయిపోయింది లెక్క. మీ ఇంట్లో పప్పు వండుతున్నారు, పెద్దాళ్ళు గుజ్జు తింటున్నారు, పిల్లకి తేట పోస్తున్నారు. తేటలో పప్పు ఎక్కడుంది, ఉప్పూ పసుపూ తప్ప? గరిటె అడుగుదాకా పెట్టి ముద్దపప్పే తీసి వెయ్యండి, మీద చెంచాడు నెయ్యో నూనో. చిన్న పొట్ట, నీళ్ళతో నింపితే ఇంకేం పడుతుంది. అన్నంలో లేనిది పప్పులో, పప్పులో లేనిది అన్నంలో ఉంటుంది, రెండూ కలిస్తే ప్రోటీన్ మంచిదవుతుంది.

టీ మాన్పించు తల్లీ. ఆకలీ చంపుతుంది, ఐరన్ కూడా పట్టనివ్వదు. రెండ్రోజులు ఏడుస్తుంది, ఏడవనీ. బదులు చోడి జావలో, అదే రాగి జావలో, పాలూ బెల్లం, వేయించిన వేరుశనగ పొడి ఒక చెంచా. పలుకులు మాత్రం అలాగే నోట్లో పెట్టకు, అయిదేళ్ళలోపు వాళ్ళకి గొంతుకి అడ్డం పడతాయి. గుడ్డు వాసన పడకపోతే అట్ల పిండిలో కొట్టి కలిపి ఉల్లిపాయ వేసి పోసెయ్, చెప్పకు. మీ అత్తమ్మ ఉలవలు ఉడకబెడితే కట్టుతో చారు పెట్టి గుగ్గిళ్ళు ఆవుకి వేస్తారా ఏటి? ఆ గుగ్గిళ్ళలోనే ఉంది బలమంతా, మెత్తగా నలిపి పిల్లకి పెట్టండి.

నరసన్నపేట అమ్మడు:
పాదాలు నొక్కి చూశానండీ, గుంట పడలేదు. టేపు 14 వచ్చింది. ఊపిరొచ్చింది. పొద్దున్న మాత్రం కళ్ళ కింద ఒక్కోరోజు ఉబ్బుగా అనిపిస్తుంది, ఏడ్చి పడుకోవడం వల్లేమో. ఎండు నెత్తళ్ళు, అదే చిన్న ఎండుచేపలు, పెట్టొచ్చా? మా అత్తమ్మ వేడి చేస్తుందంటారు.

విజీనారం నర్సమ్మ:
నెత్తళ్ళు పెట్టు, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి ఉప్పు పోగొట్టి. వేడీ గీడీ ఏం లేదు. కళ్ళ కింద ఉబ్బు మళ్ళీ కనిపిస్తే మాత్రం మూత్రం పరీక్ష చేయించు. కిడ్నీలోంచి ప్రోటీన్ మూత్రంలో కారిపోయే జబ్బొకటి ఉంది, అది అలాగే పొద్దున్న కళ్ళ దగ్గర మొదలవుతుంది. దానికి ఎంత తినిపించినా లాభం లేదు, మందులు వాడాలి.

సీతంపేట కొండదారి:
అక్కా మధ్యలో వస్తున్నా. మా పక్క గూడెంలో రెండేళ్ళ బాబుకి రెండు కాళ్ళూ వాచాయి, నొక్కితే గుంట పడుతోంది. విరేచనాలు తగ్గి పది రోజులయింది. వాళ్ళమ్మ రోజుకి మూడు గుడ్లు కుక్కుతోంది, తిని కక్కేస్తున్నాడు. మొన్నటికన్నా బరువు పెరిగింది, బాగవుతున్నట్టేనా?

విజీనారం నర్సమ్మ:
కాదు తమ్ముడూ, అది నీటి బరువు. గుడ్లు ఇప్పుడే ఆపమను. ఆ స్థితిలో గుండె, కాలేయం అంత ప్రోటీన్ ఒక్కసారి తట్టుకోలేవు. మేం కూడా మొదటి రోజుల్లో ఎఫ్-75 అనే పాలే ఇస్తాం, వంద మిల్లీలీటర్లలో ఒక గ్రాము ప్రోటీన్ కూడా ఉండదు, రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం, రాత్రుళ్ళు కూడా. వాపు దిగి బరువు తగ్గి, ఆకలి వచ్చాకే ఇంకా బలమైన ఎఫ్-100 పాలకి మారుస్తాం. ఇంట్లో అయ్యే పని కాదిది. ఒళ్ళు చల్లబడకుండా దుప్పటి కప్పి, తల్లి ఒడిలోనే పెట్టుకుని, తల్లిపాలు తాగుతుంటే ఆపకుండా, ఇవాళే తీసుకెళ్ళండి. ఆశా కార్యకర్తని లేపి 108కి ఫోన్ చేయించు, రెండు కాళ్ళకీ వాపు ఉందని ముందే చెప్పమను.