‘ఫ్లెక్సిబుల్ పేపర్ సెన్సర్’: సాగేదా, వంగేదా?

రాజాం నుంచి:
హైస్కూలు పాఠాన్ని తెలుగు చేస్తున్నాం. అందులో ‘ఫ్లెక్సిబుల్ పేపర్ సెన్సర్’, అంటే వంపుని పసిగట్టే కాగితం పరికరం, ఉంది. ‘ఫ్లెక్సిబుల్’కి ఒకరు ‘సాగే’ అని, ఇంకొకరు ‘నమ్య’ అని రాశారు. ఏటి ఉంచమంటారు మాస్టారూ?

పొందూరు నుంచి:
‘సాగే’ వద్దండీ. సాగేది రబ్బరు, కాగితాన్ని లాగితే చిరుగుతుంది. ‘నమ్య’ తప్పు కాదు గానీ పిల్లలకి అది నమ్మకంలాగే వినిపిస్తుంది. ‘వంగే’ చాలు. వంగడం, మడవడం, నలగడం మాత్రం కలిపేయకండి, ఈ సెన్సర్‌కి ప్రాణం అక్కడే ఉంది.

చేయించి చూపండి. జెరాక్సు కాగితం 10 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు కత్తిరించి, 8బి పెన్సిల్‌తో (మెత్తగా, బాగా నల్లగా రాసేది) 3 మి.మీ. పట్టీ నల్లగా నిగనిగలాడేదాకా ఇరవై సార్లు దిద్దాలి. రెండు కొసలా క్లిప్పులు పెట్టి మల్టీమీటర్ కిలోఓమ్‌ల మీద ఉంచాలి. గీత బయటికి ఉండేలా వంచితే గ్రాఫైట్ రేణువులు ఎడమై నిరోధం పెరుగుతుంది. లోపలికి వంచితే దగ్గరై తగ్గుతుంది. మడిచి గోటితో నొక్కారా, మడత దగ్గర రేణువుల గొలుసు తెగిపోతుంది, విప్పినా పాత అంకె రాదు.

బొబ్బిలి నుంచి:
‘వంగే’ అంటే ఎంత వంపో కూడా రాయాలి కదా. కాగితం మందం 0.1 మి.మీ., దాన్ని చుట్టిన గొట్టం వ్యాసార్థం 10 మి.మీ. అయితే పైపొర సాగుదల 0.1 ÷ (2×10), అంటే 0.5 శాతం. అంటే పైపొర ఆ కాస్త సాగుతుందన్నమాట, ‘సాగే’ అన్నవారిది మరీ తప్పు కాదు!
కాగితం సిరాని పీల్చేయకుండా చేసే ‘సైజింగ్’కి ఏం రాశారు?

పొందూరు నుంచి:
ఒప్పుకున్నాం, అరశాతం వారిదే.
సైజింగ్‌కి ‘గంజి పెట్టడం’. మన నేతగాళ్లు పడుగుకి పెట్టేదే, పేరు వెతకక్కర్లేదు. గంజి లేని వడపోత కాగితం మీద వాహక సిరా (కరెంటు పారే సిరా) పీచు వెంట పాకిపోయి పక్క గీతలో కలుస్తుంది.

రాజాం నుంచి:
వానాకాలం మీటర్ అంకె నిలవదు. దానికి ‘తేమ’ అనాలా, ‘చెమ్మ’ అనాలా?

పొందూరు నుంచి:
గాలిలోది తేమ, కాగితం పీల్చుకున్నది చెమ్మ. రెండూ ఉంచండి. చెమ్మకి పీచు ఉబ్బి రేణువులు కదులుతాయి. సెలోటేపు వేస్తే ప్లాస్టిక్ చేరినట్టే, పైగా మందం మారి పై లెక్క తప్పుతుంది. వెనకవైపు తేనెమైనం పలచగా రాసి ఇస్త్రీపెట్టె తక్కువ వేడిలో, మైనం కరిగేంతగా ఆనించండి. చెమ్మ తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. గీత మీద రాస్తే మాత్రం గ్రాఫైట్ అలుక్కుపోతుంది.