ఎనిమిది అడుగుల జాగా, నల్లరేగడి నేల: రేల చెట్టు నిలబడుతుందా?

రేగడి_పాదు
ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య ఎనిమిది అడుగుల జాగా. నేల నల్లరేగడి, నీళ్లు బోరువి, కాస్త ఉప్పు. పోయిన జూలైలో నాటిన రేల మొక్క నాలుగడుగుల దగ్గరే ఆగిపోయింది. చిగుళ్లు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ముదురాకులకి ఏమీ కాలేదు. రెండుసార్లు యూరియా వేశాను, మార్పు లేదు. గేటు పక్కన కరెంటు తీగల కింద ఇంకో పూలచెట్టు పెట్టాలి, అక్కడికి ఏది మంచిదో కూడా చెప్పండి.

అన్నభేది
ముందు యూరియా ఆపండి. నత్రజని తక్కువైతే మొదట పాలిపోయేది ముదురాకులు. చిగురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరిగితే అది ఇనుప ధాతు లోపం. రేగడిలో ఇనుము లేక కాదు. సున్నం ఎక్కువై పీహెచ్ (నేల పులుపు, క్షార గుణాల కొలత) 8 దాటితే ఉన్న ఇనుమును వేరు తీసుకోలేదు. బోరు నీళ్లు దానికి తోడు.

లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము. నిమ్మ ఉప్పు కరిగాకే అన్నభేది వేయాలి. నీళ్లు లేత ఆకుపచ్చగా, తేటగా ఉండాలి. తుప్పు రంగు తిరిగితే ఇక పని చేయదు, పారబోయండి. కొట్లో ఇచ్చిన అన్నభేదే గోధుమరంగు పొడిలా ఉంటే అసలు తీసుకోవద్దు. ఎండ తగ్గాక, ఆకు అడుగు కూడా తడిసేలా, వారం పది రోజుల తేడాతో మూడుసార్లు కొట్టండి. గచ్చు మీద పడితే ఆ మరక పోదు, ముందే గోనెలు పరవండి.

దీనితో ఉన్న ఆకులు పచ్చబడతాయి. ఆ తర్వాత వచ్చే చిగురు మళ్లీ పసుపుగానే వస్తే, తేడా నేల కింద ఉన్నట్టు.

గునపం
అదే అడగబోతున్నాను. మొదలు చుట్టూ మట్టి చేత్తో తీసి చూడండి. కాండం కరెంటు స్తంభంలా నిటారుగా నేలలోకి దిగిపోయిందంటే లోతుగా నాటారని అర్థం. కాండం అడుగున కాస్త ఉబ్బి, మొదటి వేళ్లు పక్కలకి విడిపోయే చోటు ఉంటుంది. అది నేల మట్టానికి బయటికి కనబడాలి. నర్సరీ సంచిలోనే రెండు మూడు అంగుళాల మట్టి పైకి పోసి ఇస్తుంటారు, కాబట్టి సంచి మట్టాన్ని కొలతగా తీసుకోవద్దు.

రెండో పరీక్ష: పక్కన అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపి గంట తర్వాత చూడండి. అంగుళం కూడా తగ్గలేదంటే ఆ గుంతలో వేరుకి గాలి ఆడదు. వేరుకి ఊపిరి అందకపోయినా చిగురు ఇలాగే పాలిపోతుంది.

మొరంనేల
రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంత తీసి ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, అరకిలో వేపపిండి కలిపి నింపితే చాలు. అందరూ చేసేది అదే కదా.

గునపం
చల్కలో (ఎర్రటి తేలిక నేలలో), మొరంలో అది సరైన పద్ధతే. రేగడిలో మాత్రం గుంత కుండ అయిపోతుంది. చుట్టూ నీరు దిగని నల్లమట్టి, మధ్యలో గుల్ల ఎర్రమట్టి. వాన కురిస్తే చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే చేరి నిలుస్తాయి. తడి మీద గునపంతో తవ్వితే గుంత గోడలు నున్నగా అద్దంలా తయారవుతాయి, వేరు వాటిని చీల్చుకుని బయటికి పోలేక లోపలే తిరుగుతుంది.

రేగడిలో లోతు కాదు, వెడల్పు కావాలి. అడ్డంగా మూడడుగులు, లోతు మొక్క వేళ్లు పట్టిన మట్టిగడ్డ ఎంత ఉంటే అంతే. గోడలు గీతలు పడేలా పారతో చెక్కండి. తవ్విన మట్టికే నాలుగో వంతు చివికిన ఎరువు కలిపి, మొక్క మొదలు చుట్టుపక్కల నేల కంటే తొమ్మిది అంగుళాలు ఎత్తులో ఉండేలా దిబ్బ కట్టండి. దిబ్బ వెడల్పు నాలుగడుగులకి తగ్గకూడదు, లేకపోతే మొదటి పెద్దవానకే జారిపోతుంది.

నీడపట్టు
మీరంతా వైద్యం చెబుతున్నారు, చోటు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. రేల 30, 40 అడుగులు పెరుగుతుంది, కొమ్మలు అడ్డంగా 20 అడుగులైనా పరుచుకుంటాయి. ఎనిమిది అడుగుల జాగాలో నట్టనడుమ పెట్టినా పునాదికి నాలుగడుగులే. రేల వేరు గోడ పగలగొట్టే రకం కాదు, నిజమే. కానీ రేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. వేసవిలో చెట్టు పునాది కింది తేమ లాగితే ఆ పక్క నేల ఇంకా కుంగుతుంది. గోడకి ఏటవాలు పగులు వచ్చేది అందుకే. రేలని ఖాళీ మూల ఉంటే అక్కడికి మార్చండి.

తీగల కిందికి తెల్లపూల పొట్టి దేవకాంచనం (8 నుంచి 10 అడుగులు), పారిజాతం (10 నుంచి 15), లేదా దేవగన్నేరు. పారిజాతానికి పూర్తి ఎండ కావాలి, నీడలో ఆకే ఎక్కువ. పూత కొత్త కొమ్మ చివర వస్తుంది కాబట్టి పూలు అయిపోయాక ఫిబ్రవరిలో మూడో వంతు కత్తిరించాలి. తెల్లారేసరికి పూలన్నీ కిందే ఉంటాయి, చెట్టు కింద గచ్చు వేయకండి, కారు నిలపకండి. నేల రాలిన పూలు పూజకి పనికొచ్చేది దీనివే మరి.

తురాయి, ఆకాశమల్లె ఇంటి పక్కన వద్దు. రెండింటిదీ పెళుసు కలప, ఆకాశమల్లెకి వేరు పిలకల బెడద అదనం. గాలివానలో ముందు విరిగేవి ఇలాంటివే. పచ్చగన్నేరు గింజ విషం, పిల్లలున్న ఇంట్లో దాని మాటే ఎత్తకండి.

కత్తెర_కొమ్మ
దేవగన్నేరు అయితే మొక్క కొనక్కర్లేదు. బూడిదరంగు తిరిగిన ముదురు కొమ్మ అడుగు నుంచి అడుగున్నర పొడవు ఏప్రిల్, మే నెలల్లో కోయండి. ఆకులన్నీ తీసేసి నీడలో వారం పది రోజులు ఆరబెట్టాలి. పాలు ఎండి కోత మీద గట్టి పొర కట్టాకే నాటాలి. ఇసుక సగం, మట్టి సగం, నాలుగంగుళాల లోతు, ఒక కర్ర ఊతం. ఒక్కసారి తడిపి, ఆకు విచ్చేదాకా మళ్లీ నీళ్ల జోలికి పోవద్దు. నూటికి తొంభై పోయేది ఇక్కడే: ఆకు లేదు కదా, దాహంగా ఉందేమో అని రోజూ పోస్తారు, కింద కుళ్లుతుంది.

కుళ్లు పట్టుకోవడం తేలికే. కొమ్మని బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగుతుంది, తొక్క ముడతలు పడి నల్లబడుతుంది. పైకి అంగుళం అంగుళం కోస్తూ పోండి. కోత ముఖం అంతా తెల్లగా ఉండి చుట్టూరా పాలు ఉబకాలి. నడుమ గోధుమరంగు చుక్క కనిపించినా ఇంకో అంగుళం కోయాలి. ప్రతి కోతకీ కత్తి స్పిరిట్‌తో తుడవండి. పాలు కంట్లో పడనివ్వకండి.

వానాకాలం చివర్లో ఆకు అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. రాలిన ఆకులు ఎప్పటికప్పుడు ఏరి పారేయండి, నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కొట్టండి. తెల్లటి దూది ముద్దలు కనిపిస్తే పిండినల్లి. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడ్డ బొప్పాయి పిండినల్లి దేవగన్నేరునీ వదలదు. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడిగేయండి, చీమలు ఎక్కకుండా చూడండి.

రేగడి_పాదు
మట్టి తీసి చూశాను. ఉబ్బు నాలుగంగుళాల కింద ఉంది. పెన్సిలంత లావు వేరు ఒకటి కాండం చుట్టూ ఉంగరంలా తిరిగింది. గుంతలో పోసిన నీళ్లు గంటకి అరంగుళం తగ్గాయి. పడమర మూల ఇరవై అడుగుల ఖాళీ ఉంది, మార్చేదా?

గునపం
మార్చండి, తొలకరి రెండు వానలు పడ్డాక, మబ్బు పట్టిన రోజు సాయంత్రం. ముందురోజు బాగా తడపండి. కాండం అంగుళం లావుంటే మట్టిగడ్డ అడుగు వెడల్పు ఉండాలి. తల్లివేరు చీలిపోకుండా పదును కత్తితో ఒక్క వేటుకి కోయండి. గడ్డని గోనెలో చుట్టి ఎత్తండి, కాండం పట్టుకుని లాగవద్దు. ఉంగరపు వేరుని రెండు చోట్ల కోసి తీసేయండి. దాన్ని వదిలేస్తే అయిదారేళ్లకి కాండం లావెక్కి ఆ వేరే ఉరితాడవుతుంది.

నాటిన రోజు 20 లీటర్లు. తర్వాత రోజుల లెక్క పెట్టుకోకండి, వేలు రెండు కణుపులు దిగేదాకా మట్టి పొడిగా ఉంటేనే పోయండి. ఎండుటాకు మూడంగుళాల మందం పరచండి, మొదలుకి జానెడు దూరం వదలండి, ఆనుకుంటే బెరడు కుళ్లుతుంది, చెదలు చేరతాయి. దిబ్బ మట్టిలో కలిపింది తప్ప ఏడాదిపాటు ఇంకే ఎరువులూ వద్దు.

అన్నభేది
వాన నీళ్లు పట్టగలిగితే డాబా గొట్టం ఆ దిబ్బ వైపు తిప్పండి, బోరు ఉప్పు అదే కిందికి కొట్టుకుపోతుంది.

నీడపట్టు
రేల ఆకుల్ని పసుపుపచ్చ సీతాకోకచిలుకల గొంగళ్లు తింటాయి, మందు కొట్టకండి. కొమ్మలు మోడైనా రెండు మూడు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది.

కత్తెర_కొమ్మ
ముందు ముందు లావు కొమ్మ తీయాల్సి వస్తే మూడు కోతలు. కాండానికి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు, దానికి రెండంగుళాల అవతల పై నుంచి పూర్తిగా, చివరికి మిగిలిన మొండెం. చివరి కోత కొమ్మ మొదట్లో ఉండే ముడతకి బయటే ఆగాలి, గోడకి సున్నం కొట్టినట్టు కాండానికి సమంగా చెక్కకూడదు. అంగుళం లోపు గాయాలకి ఏమీ పూయక్కర్లేదు. పెద్దవాటికి బోర్డో పేస్టు: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు అరలీటరులో, సున్నం 100 గ్రాములు ఇంకో అరలీటరులో విడిగా కలిపి, రెండూ ఒకేసారి మూడో పాత్రలో పోయాలి. ప్లాస్టిక్ పాత్రలే, ఇనుము వద్దు. తీగలకి తగిలే కొమ్మలు మీరు ముట్టుకోకండి, కరెంటు ఆఫీసుకి చెప్పండి. ఎప్పుడైనా చెట్టు మొదలంటా తీయాల్సి వస్తే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) కింద అనుమతి కావాలి.

రేగడి_పాదు
ఊతకర్ర ఎన్నాళ్లు ఉంచాలి?

గునపం
ఒక వానాకాలం, ఒక వేసవి. సుతిలి కాదు, పాత సైకిల్ ట్యూబు ముక్కతో, కాండానికీ కర్రకీ మధ్య మెలి వేసి వదులుగా కట్టండి. మొక్క గాలికి కాస్త ఊగాలి, ఊగితేనే మొదలు లావెక్కుతుంది. మూణ్నెల్లకోసారి కట్టు విప్పి కొత్త చోట కట్టండి.