టోక్యోకి మొదటిసారి ఆఫీసు పని మీద: దిగిన రోజు ఎక్కడ తడబడతాం?

ప్రశ్న:
కంపెనీ పని మీద టోక్యో వెళ్తున్నాను. ఆదివారం పొద్దున నరిటా ఎయిర్‌పోర్టులో దిగుతాను. హోటలు షింజుకులో. సోమవారం 10 గంటలకు మరునౌచిలో క్లయింటుతో మీటింగు. జపనీస్ ఒక్క ముక్క రాదు, పైగా శాకాహారిని. చూడాల్సిన ప్రదేశాల గురించి కాదు, మొదటి రోజూ మొదటి మీటింగూ సాఫీగా జరగాలంటే ఏం తెలిసి ఉండాలో చెప్పండి.

జవాబు 1:
టోక్యోలో కొత్తవాళ్లని తికమక పెట్టేది భాష కాదండీ, స్టేషన్లు. రైలు నిమిషం తేడా లేకుండా దింపుతుంది. దిగాక బయటపడే ఆఖరి అర కిలోమీటరులోనే టైమంతా పోతుంది. షింజుకు స్టేషనుకి 200కి పైగా ఎగ్జిట్లు ఉన్నాయి. తప్పు వైపు తేలితే హోటలు ఎదురుగా కనిపిస్తున్నా పావుగంట చుట్టూ తిరగాలి. అందుకని హోటలు పేరు పక్కనే ఎగ్జిట్ పేరో నంబరో రాసుకోండి. స్టేషనులో పసుపు రంగు బోర్డులు బయటికి దారి చూపేవి. రైల్వే లైన్ల రంగులు చూస్తూ నడిస్తే మళ్లీ ఇంకో ప్లాట్‌ఫాం మీదికే చేరతారు. పొరపాటున అవతలి వైపు వెళ్లినా, తూర్పు పడమరల్ని కలుపుతూ టికెట్ లేకుండా నడిచే దారి 2020లో తెరిచారు. దాన్ని పట్టుకోండి.

నరిటా నుంచి నరిటా ఎక్స్‌ప్రెస్ నేరుగా షింజుకు వెళ్తుంది, గంటన్నర లోపు. అన్నీ రిజర్వు సీట్లే. చాలా రైళ్లు టోక్యో స్టేషనులో రెండుగా విడిపోయి, సగం బోగీలు యొకొహామా వైపు పోతాయి. ఖాళీగా ఉంది కదా అని వేరే బోగీలో కూర్చోకండి, టికెట్ మీదున్న బోగీలోనే ఉండండి.

ఊళ్లో తిరగడానికి సుయికా అనే ప్రీపెయిడ్ కార్డు చాలు. జేఆర్, టోక్యో మెట్రో, తోఎయ్ మూడూ వేర్వేరు రైలు సంస్థలు, ఛార్జీలూ వేర్వేరే, కానీ కార్డు అన్నిటికీ పనిచేస్తుంది. ఐఫోన్‌లో పెట్టుకోవచ్చు. జపాన్ బయట కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలా వాటికి కుదరదు, ఎయిర్‌పోర్టులోనే కార్డు తీసుకోండి. రీఛార్జి మిషన్లు చాలావరకు నగదే తీసుకుంటాయి. బ్యాలెన్సు చాలక దిగేచోట గేటు మూసుకుపోతే కంగారు అక్కర్లేదు. గేటుకి లోపలి వైపే తక్కువైన ఛార్జీ కట్టే మిషన్ ఉంటుంది.

మీ మీటింగు ఉన్న మరునౌచి టోక్యో స్టేషను పక్కనే. షింజుకు నుంచి టోక్యో స్టేషనుకి చువో లైన్ రాపిడ్, నారింజ రంగు, సుమారు 15 నిమిషాలు. టోక్యో స్టేషనులో ఆ ప్లాట్‌ఫాం బాగా ఎత్తున ఉంటుంది, పొడవాటి ఎస్కలేటర్ మీద కిందికి రావాలి. ఎడమ పక్కన నిలబడండి. కింద మరునౌచి వైపే బయటికి రావాలి. అవతలున్న యాఎసు వైపు వెళ్తే స్టేషను చుట్టూ తిరిగి రావాలి. 7:30 నుంచి 9 వరకు విపరీతమైన రద్దీ, బ్యాక్‌ప్యాక్ ముందుకి వేసుకోండి. ఈ దారంతా ఆదివారం సాయంత్రమే ఒకసారి నడిచి, క్లయింటు బిల్డింగు గుమ్మం దాకా చూసి రండి. నా దృష్టిలో దీన్ని మించిన తయారీ లేదు.

జవాబు 2:
మీటింగు సంగతి నేను చెప్తాను. రిసెప్షన్‌లో 5 నిమిషాల ముందు ఉంటే సరిగ్గా సరిపోతుంది. 20 నిమిషాల ముందే వెళ్తే గది సిద్ధం కాక వాళ్లు ఇబ్బంది పడతారు. ఓవర్‌కోటు బిల్డింగులోకి అడుగుపెట్టేముందే విప్పి చేతి మీద వేసుకోండి.

విజిటింగ్ కార్డులు పర్సులో కాదు, చిన్న కార్డు కేసులో ఉండాలి. నిలబడి, ముందు వాళ్లలో పెద్ద హోదా ఉన్నవారికి, అక్షరాలు వాళ్లకి సూటిగా కనిపించేలా రెండు చేతులతో ఇవ్వండి. వాళ్లది కూడా రెండు చేతులతో తీసుకుని, ఒక్క క్షణం చదవండి. జేబులో తోసేయకండి, దాని మీద ఏదీ రాయకండి. కూర్చున్నాక, ఎదుటివాళ్లు ఏ వరసలో కూర్చున్నారో కార్డులూ అదే వరసలో బల్ల మీద పేర్చుకుంటే పేర్లు తడుముకోనక్కర్లేదు. ఇంటిపేరుకి ‘సాన్’ చేర్చి పిలవండి. కుర్చీ మీరే ఎంచుకోవద్దు, చూపించేదాకా ఆగండి. అతిథికి తలుపుకి దూరంగా ఉన్న చోటు ఇస్తారు.

మౌనం చూసి నిరాశపడకండి. మీరు అడిగాక అర నిమిషం ఎవరూ మాట్లాడకపోతే ఆలోచిస్తున్నారని అర్థం. ఆ ఖాళీని మీరే మాటలతో నింపేస్తే వాళ్లు చెప్పబోయేది ఆగిపోతుంది.

జవాబు 3:
మందుల గురించి ఎవరూ చెప్పలేదు. యాంఫెటమిన్ ఉన్న మందులు డాక్టరు చీటీ ఉన్నా జపాన్‌లోకి తేకూడదు. సూడోఎఫిడ్రిన్ 10 శాతానికి మించి ఉన్న జలుబు మాత్రలు కూడా ముందస్తు అనుమతి లేకుండా తేకూడదు. బయల్దేరేముందు స్ట్రిప్పు వెనక చదవండి.

కరెంటు 100 వోల్టులు, రెండు చదును పిన్నుల ప్లగ్గు. ల్యాప్‌టాప్ ఛార్జరు మీద 100–240 అని ఉంటే అడాప్టరు ఒక్కటి చాలు, కానీ అది మూడు పిన్నులు తీసుకుని రెండుగా ఇచ్చేదై ఉండాలి. నగదు సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలో వస్తుంది. పాస్‌పోర్టు ఎప్పుడూ దగ్గరే ఉంచుకోండి, చట్టం అది.

తిండి: ‘వెజిటేరియన్’ అన్నంత మాత్రాన సరిపోదు. మీసో సూప్‌లో, నూడుల్స్ నీళ్లలో, కూరగాయల వంటల్లో కూడా దాషి ఉంటుంది, అది ఎక్కువగా ఎండు చేపతో కాచిన నీరు. క్లయింటు డిన్నరుకి పిలిస్తే రెండు మూడు రోజుల ముందే ‘మాంసం, చేప, చేప దాషి తినను’ అని మెయిల్ రాయండి. అక్కడికక్కడ చెప్తే వంటవాళ్లు చేయగలిగింది తక్కువ. భారతీయ భోజనం కావాలంటే భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయి ప్రాంతానికి వెళ్లండి, మరునౌచి పక్కనున్న ఒతెమాచి నుంచి తోజాయ్ లైన్‌లో రైలు మారకుండా వెళ్లొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. పొద్దునే దిగుతాను కదా, రూమ్ వెంటనే ఇస్తారా?

జవాబు 1:
చాలా హోటళ్లలో చెకిన్ మధ్యాహ్నం 3కి, ముందు అడిగినా ఇవ్వడం అరుదు. పెట్టె మాత్రం రిసెప్షన్‌లో ఉచితంగా దాస్తారు. గదులు చిన్నవి, పెద్ద సూట్‌కేసు నేల మీద తెరవడం కష్టం, మీడియం సైజుది తెచ్చుకోండి. సోమవారం వేసుకునే బట్టలు, కార్డు కేసు, ఛార్జరు క్యాబిన్ బ్యాగులో పెట్టుకోండి.