ప్రతి సెమిస్టర్‌లో ఒక ఆన్‌లైన్ కోర్సు కంపల్సరీ అంటే మన డిగ్రీ కాలేజీల్లో నడుస్తుందా?

దేవరకొండ_కామర్స్:
మాది దేవరకొండ వైపు డిగ్రీ కాలేజీ, నేను కామర్స్ చెప్తాను. వచ్చే ఏడాది నుంచి ప్రతి సెమిస్టర్‌లో ఒక పేపర్ ఆన్‌లైన్‌లోనే, అన్ని గ్రూపులకూ కంపల్సరీ అని పెడదామన్న మాట నడుస్తోంది, డిపార్ట్‌మెంట్ తరఫున అభిప్రాయం రాసివ్వమన్నారు. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల కోసం నడిపే స్వయం పోర్టల్ కోర్సులే తీసుకుంటారట. ఆన్‌లైన్ అంటే నాకేం పడకపోవడం కాదు, కాస్ట్ అకౌంటింగ్‌లో నేనే పిల్లలకు వీడియో లింకులు పంపుతుంటాను. కానీ ఇష్టమున్నవాళ్లు చూడటం వేరు, చూడకపోతే డిగ్రీ ఆగుతుందనడం వేరు.

మా పిల్లలు చాలామంది చుట్టుపక్కల తండాల నుంచి పల్లెవెలుగులో వస్తారు. సాయంత్రం బస్సు పోతే మళ్లీ దొరకదు కాబట్టి చివరి పీరియడ్ బెల్ కొట్టకముందే బ్యాగులు భుజానికి ఎక్కుతాయి. ఇంటికెళ్తే ఫోన్ నాన్న దగ్గరో అన్న దగ్గరో ఉంటుంది. పత్తి తీసే రోజుల్లో కాలేజీకి రావడమే గగనం, ఇంక వారం వారం అసైన్‌మెంట్ ఎవరు చేస్తారు? మీ దగ్గర ఎక్కడైనా ఇలా పెట్టారా, ఏమైంది? ఇంకొకటి, 40 శాతం ఆన్‌లైన్ ఉండాలని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) రూల్ అని మా దగ్గర ఒక సార్ గట్టిగా వాదిస్తున్నారు, నిజమేనా?

పాలమూరు_ఎగ్జామ్_బ్రాంచ్:
ఆ సార్ చెప్పింది సగమే నిజం మేడం. స్వయం కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో కలపడం మీద 2016లో వచ్చిన యూజీసీ రెగ్యులేషన్‌లో 20 శాతం వరకు అన్నారు, 2021లో దాన్ని 40 శాతం వరకు పెంచారు. 'వరకు' అన్నది మింగేసి చెప్తున్నారు అందరూ. ఒక ప్రోగ్రామ్‌లో ఆ సెమిస్టర్ కోర్సుల్లో అంతవరకు ఒప్పుకోవచ్చు అని అర్థం, అంత చేసి తీరాలని ఎక్కడా లేదు.

అదే రెగ్యులేషన్‌లో ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. కోర్సు చేసే పిల్లలకు కంప్యూటర్లు, ల్యాబ్, లైబ్రరీ వాళ్ల కాలేజీయే ఉచితంగా, సరిపడా ఇవ్వాలి. కోర్సు మొదలు నుంచి చివరి దాకా దగ్గరుండి చూసే ఫెసిలిటేటర్‌ను కూడా పెట్టాలి. మీ నోట్‌లో మొదటి పేరాలోనే ఇది రాయండి, మీటింగ్‌లో సగం అరుపులు అక్కడే తగ్గుతాయి.

మా ఆఫీసు వైపు నుంచి తలనొప్పి వేరే. జులైలో మొదలైన కోర్సుకు పరీక్ష అక్టోబర్ చివర్లోనో ఆ తర్వాతో ఉంటుంది, రిజల్ట్ వచ్చేసరికి ఇంకొన్ని వారాలు. అప్పటికి మన సెమిస్టర్ రిజల్ట్స్ తయారైపోతాయి. ఆన్‌లైన్ పేపర్ మార్కులు రాలేదని మెమో ఆపాలి, లేదంటే ఆ గడి ఖాళీగా పెట్టి ఇచ్చి తర్వాత సవరించాలి. పీజీ అడ్మిషన్‌కు మెమో కావాలని పిల్లవాడు కౌంటర్ దగ్గర నిలబడితే వాడికేం చెప్తాం? ఫైనల్ ఇయర్ చివరి సెమిస్టర్‌లో మాత్రం దయచేసి పెట్టనివ్వకండి.

నల్గొండ_బీటెక్:
నాది వేరే అభిప్రాయం, తిట్టుకోకండి. ఇంజనీరింగ్‌లో మాకు ఎన్‌పీటెల్, అంటే స్వయంలోనే ఐఐటీల వాళ్లు నడిపే కోర్సులు, కంపల్సరీ చేశారు, చేయకపోయుంటే నేనైతే ఒక్క వీడియో కూడా చూసేవాణ్ని కాదు. ఐఐటీ ప్రొఫెసర్ పాఠం నల్గొండలో కూర్చుని ఫ్రీగా వింటున్నాం, ఫీజు పరీక్ష రాసేవాళ్లకే, కోర్సుకు వెయ్యి రూపాయలు. 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పాస్ కావాలంటే 25లో 10, 75లో 30 రావాలి, రెండూ రావాలి. 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 లెక్కేస్తారు కాబట్టి పత్తికి నాలుగు వారాలు పోయినా మునిగేదేం లేదు మేడం.

అసలు గొడవ అసైన్‌మెంట్లతోనే. ఆదివారం రాత్రికల్లా జవాబులు టెలిగ్రాం గ్రూపుల్లోకి వచ్చేస్తాయి, కింద 'ఫర్ రిఫరెన్స్ ఓన్లీ' అని ఒక ముక్క తగిలిస్తారు. మా క్లాసులో అసైన్‌మెంట్లకు అందరికీ నిండా మార్కులు, పరీక్ష సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నాక మాత్రం దిక్కులు చూశారు.

అచ్చంపేట_డిగ్రీ:
అన్నా నువ్వు బీటెక్, నీకు ఇంగ్లిష్ అలవాటు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. వీడియో ఒకసారి చూస్తే సబ్జెక్టు కాదు, సార్ యాస అర్థం కావడానికే టైం పోతుంది. ఎన్‌పీటెల్ వాళ్లు కొన్ని కోర్సులకు తెలుగు సబ్‌టైటిల్స్, తెలుగు పుస్తకాలు కూడా పెట్టారు, కాకపోతే ఎక్కువ ఇంజనీరింగ్ వైపే కనబడుతున్నాయి. మేం బీఏ.

సిగ్నల్ సంగతి ఇక చెప్పనవసరం లేదు, అమ్రాబాద్ వైపు వెళ్తే డాబా మీద ఒక మూలకు నిలబడితేనే నెట్ వస్తుంది, వానొస్తే అదీ లేదు. మా అమ్మానాన్న పనికి పుణె వెళ్తారు, ఇంట్లో నేను, నానమ్మ. నెట్ ప్యాక్ నేనే వేసుకోవాలి. పరీక్షకు హైదరాబాద్ వెళ్లాలంటే ఆడపిల్లలం కాబట్టి బస్ ఫ్రీ, కానీ పొద్దున సెషన్ పడితే ముందు రోజే వెళ్లాలి, ఎక్కడుండాలి? మా సీనియర్ అక్కవాళ్లు ఫీజు కట్టి కూడా పరీక్షకు వెళ్లలేదు. ఎస్సీ, ఎస్టీ వాళ్లకు ఫీజు తగ్గిస్తారని కూడా వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మేడం, వద్దనమని నేను అనడం లేదు. కాలేజీలో ఉన్న టైంలోనే చూపించండి అంటున్నా.

గెస్ట్_లెక్చరర్_వనపర్తి:
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటా. పేపర్ ఆన్‌లైన్‌కు పోతే ఆ పీరియడ్లు ఎవరివి పోతాయి? మాకిచ్చేది పీరియడ్ లెక్కన. 2016 రెగ్యులేషన్‌లోనే రాశారు, సబ్జెక్టు చెప్పే స్టాఫ్ లేనప్పుడు, పిల్లలు ఎంచుకునే పేపర్ (ఎలక్టివ్) నడిపే వసతి లేనప్పుడు స్వయం వాడుకోవచ్చని. మన దగ్గర దాన్ని తిరగేసి, స్వయం ఉంది కదా స్టాఫ్ ఎందుకు అంటారు. ఖాళీ పోస్టులు నింపకపోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరుకుతుందా?

డా. బీఆర్ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982లో మొదలైంది, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ. దూరవిద్య కోసమే పుట్టిన సంస్థ కూడా పుస్తకాలు పోస్టులో పంపి చేతులు దులుపుకోలేదు, స్టడీ సెంటర్లు పెట్టి సెలవు రోజుల్లో క్లాసులు చెప్పించింది. రోజూ కాలేజీకి వచ్చే పిల్లవాడికి అదీ లేకుండా చేస్తామంటే ఎట్లా?

దేవరకొండ_కామర్స్:
అందరికీ థాంక్స్. అచ్చంపేట అమ్మాయి చెప్పినదాన్నే పట్టుకుని రాస్తున్నాను. టైంటేబుల్‌లో వారానికి రెండు పీరియడ్లు ఈ కోర్సుకే, ల్యాబ్‌లో, వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టి. ఆ పీరియడ్లకు సబ్జెక్టు లెక్చరరే కూర్చోవాలి, గెస్ట్ అయినా సరే, అది వాళ్ల వర్క్‌లోడ్‌లో కలపాలి. వీడియో ఆపి తెలుగులో చెప్పి మళ్లీ ఆన్ చేసే మనిషి లేకపోతే 12 వారాలు మా పిల్లలు లాగలేరు. మొదట సెకండియర్‌లో ఒక్క ఎలక్టివ్‌కే, అది ఫెయిలైతే బదులుగా రాసుకోవడానికి మామూలు పేపర్ ఒకటి ఉండాలి. అన్ని సెమిస్టర్లకూ ఒకేసారి అంటే మాత్రం మా డిపార్ట్‌మెంట్ సంతకం పెట్టదు.

నల్గొండ తమ్ముడూ, 12లో 8 లెక్క బాగుంది, అది కూడా రాస్తాను. కానీ పత్తి నాలుగు వారాల్లో అయిపోతుందని నీకెవరు చెప్పారయ్యా, తీత మూడుసార్లు ఉంటుంది.

మీటింగ్ మంగళవారం. ఇలా టైంటేబుల్‌లో పీరియడ్ పెట్టి నడిపిన కాలేజీ సర్క్యులర్ ఎవరి దగ్గరైనా ఉంటే, పేర్లు కొట్టేసి ఫొటో పెట్టండి, జతచేస్తాను.