అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
మిత్రులారా, ఒక చిన్న మాట దగ్గర బండి ఆగిపోయింది. కాస్త చెయ్యి వేయండి.

మా వీధిలో నలుగురైదుగురం నెలకొక పాత సినిమా కలిసి చూస్తాం. ఇంగ్లిషు సంభాషణలు అందరికీ అందవు కాబట్టి ముందురోజు తెలుగులో కథాసారం రాసి అందరి ఫోన్లకూ పంపడం నా వంతు. ఈసారి సినిమా 1970లో కార్నెల్ వైల్డ్ తీసిన ‘నో బ్లేడ్ ఆఫ్ గ్రాస్’. జాన్ క్రిస్టఫర్ 1956లో రాసిన ‘ద డెత్ ఆఫ్ గ్రాస్’ అనే సైన్స్ ఫిక్షన్ నవల దీనికి మూలం. గడ్డిజాతి మొక్కలకు ఒక వైరస్ సోకుతుంది. నవలలో ముందు ఆసియాలో వరి పోతుంది. ఆ తరువాత గోధుమ, బార్లీ, చివరికి పచ్చిక బయళ్లు కూడా. లండన్‌లో ఒక సంసారి పెళ్లాం బిడ్డలను వెంటబెట్టుకుని ఉత్తరాన తోడబుట్టినవాడి పొలానికి బయలుదేరతాడు. దారి పొడుగునా తిండి కోసం, తుపాకి కోసం మనుషులు మనుషులను చంపుకుంటూ ఉంటారు. నిన్నటిదాకా మర్యాదస్తుడైన ఆ మనిషి కూడా వాళ్లలో ఒకడవుతాడు.

మొదటి వాక్యం ఇలా రాశాను: “ఒక వైరస్ సోకి భూమి మీద గడ్డి అంతా చచ్చిపోతుంది.” పంపిన ఐదు నిమిషాలకు ఎదురింటి పెద్దాయన ఫోను చేశారు. “పాడి ఉన్నవాళ్లకు కష్టమే నాయనా. మరి మనుషులు ఎందుకు కొట్టుకు చస్తున్నారు?”

ఆయన తప్పేమీ లేదు. తెలుగులో గడ్డి పశువుది, అన్నం మనిషిది. రెంటికీ నడుమ మన భాష పెద్ద గోడే కట్టింది. బడిలో లెక్క తప్పినప్పుడు “అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?” అని అడిగించుకోనివారు మనలో ఎవరు? లంచం మింగినవాడు గడ్డి తిన్నాడంటాం. చీవాట్లు వేయడాన్ని గడ్డి పెట్టడం అంటాం. వరి, జొన్న, సజ్జ, కొర్ర, రాగి అన్నీ గరికకు చుట్టాలేనని వృక్షశాస్త్రం చదివినవాళ్లకు తెలుసు గానీ, మన మాటకు తెలియదు. సినిమాలోని భయమంతా ఆ చుట్టరికం మీదే నిలబడి ఉంది. ‘గ్రాస్’ అన్నచోట ఏ తెలుగు మాట వేస్తే విన్నవాడు ముందు తన కంచం వైపు చూసుకుంటాడు?

చిత్రావతి (అనంతపురం):
‘గ్రాసం’ అనండి సార్. పశుగ్రాసం అని అందరికీ తెలిసిన మాటే. పైగా ఇంగ్లిషు గ్రాస్ నుంచే వచ్చింది కాబట్టి సినిమా పేరుకు అచ్చంగా సరిపోతుంది.

బడిపంతులు (కడప):
అమ్మా, ఇక్కడ చెవి మోసం చేస్తోంది. గ్రాసం ఇంగ్లిషు నుంచి రాలేదు. సంస్కృతంలో మింగడం అనే అర్థమున్న ‘గ్రస్’ ధాతువు నుంచి పుట్టింది. గ్రాసం అంటే ముద్ద, కబళం. పంచాంగంలో ‘రాహుగ్రస్త సూర్యగ్రహణం’ అని చదువుతాం కదా, రాహువు మింగినది అని. వ్యాధిగ్రస్తుడు అంటే వ్యాధి మింగినవాడు. పశుగ్రాసంలో గడ్డి అనే అర్థమే లేదు, పశువు నోటికి వెళ్లే ముద్ద అని మాత్రమే. ‘గ్రాసవాసాలు’ అన్నప్పుడు అది మనిషి తిండే. హిందీ ‘ఘాస్’ కూడా ఇంగ్లిషు గ్రాస్‌కు చుట్టం కాదు. దాని మూలం ‘ఘాసం’, ‘ఘస్’ ధాతువు, తినడమే. ఇంగ్లిషు గ్రాస్ మాత్రం మొలవడం, పెరగడం అనే అర్థమున్న మూలం నుంచి వచ్చింది. వాళ్లు దాన్ని నేలలో చూసి పేరు పెట్టారు, ఇక్కడివాళ్లు నోట్లో చూసి పెట్టారు.

చిత్రావతి:
ఇన్నేళ్లూ ఇంగ్లిషు మాటే అనుకున్నాను! అయితే గ్రాసమే ఇంకా బాగుంది కదా మాస్టారూ. అందులో తిండి ఉంది.

బడిపంతులు:
ఉంది, కానీ వాడుకలో దాని ముందు ‘పశు’ అతుక్కుపోయింది. ఇప్పుడు విడదీసినా ఎవరికీ మనిషి ముద్ద గుర్తుకు రాదు.

పాలకొండలు (కడప):
కసవు? మా వైపు ‘కసువు ఊడ్చడం’ అంటే ఇల్లు చిమ్మడం. కసువంటే చెత్త. నిఘంటువు తెరిస్తే కసవుకు మొదటి అర్థం గడ్డి అనే ఉంది. “కసవును దినువాడు” అని వేమన పద్యం మొదలవుతుంది. గడ్డి తినేవాడికి మంచి పండు రుచి ఏమి తెలుస్తుందని దాని భావం. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న ఆ మహానుభావుడు కూడా గడ్డి తినేవాడిని కింది మెట్టు మీదే నిలబెట్టాడు. పైన చెప్పిన గోడ పాతదేనన్నమాట.

హంద్రీ ఒడ్డు:
“భూమి మీద కసువంతా పోయింది” అని రాస్తే మా వీధి ఆడవాళ్లు పండుగ చేసుకుంటారు.

బడిపంతులు:
నా ఓటు ‘తృణం’. ఇందులో ఒక విచిత్రం ఉంది. తృణప్రాయం అంటే విలువ లేనిది. తృణీకరించడం అంటే గడ్డిపోచలాగా తీసిపారేయడం. తృణమో పణమో అంటే ఎంతో కొంత. అదే తృణానికి ‘ధాన్యం’ చేర్చగానే ఇంటిల్లిపాది తిండి అయింది. అమరకోశమనే పాత సంస్కృత నిఘంటువులో “తృణధాన్యాని నీవారాః” అని ఉంది. నీవారం అంటే నివ్వరి, ఎవరూ విత్తకుండా మొలిచే అడవి వరి. దాన్ని గడ్డి గింజ అని వాళ్లు నేరుగానే అన్నారు. మధ్యలో మనం మరిచిపోయాం. వెదురును తృణధ్వజం అన్నది కూడా అమరకోశమే, ఆ సంగతి నేటి శాస్త్రానికీ సరిపోయింది. ఆ వైరస్ నిజంగా వస్తే బియ్యమే కాదు, పాడె కట్టడానికి వెదురు కూడా మిగలదు.

(తాటిచెట్టును తృణరాజు అన్న చోట మాత్రం అమరకోశం రాసిన అమరసింహుడు తప్పాడు. తాడి గడ్డి జాతి కాదు. అందరూ ఒక్కొక్కచోట జారతారు.)

కేసీ కాలువ (కర్నూలు):
ముందు ఇలాంటి కథలకు పేరు తేల్చండి. ‘ప్రళయానంతర చిత్రం’ అని పత్రికల్లో రాస్తున్నారు. నాకు మింగుడు పడటం లేదు. ప్రళయం అంటే అంతా లయమైపోవడం. ఆ తరువాత మర్రి ఆకు మీద వటపత్రశాయి తప్ప ఎవరుంటారు? ఇందులో నగరాలు ఉన్నాయి, తుపాకులు ఉన్నాయి, కార్లు ఉన్నాయి. లేనిది గింజ ఒక్కటే. దానికి మన దగ్గర ముందునుంచీ ఉన్న రెండక్షరాల మాట కరువు. మూడక్షరాలు, క్షమించాలి.

పాలకొండలు:
లెక్క తప్పారు. అన్నం తింటున్నారా...

కేసీ కాలువ:
జొన్న రొట్టె తిన్నాను. అంటే గడ్డే. ఇక నవ్వు పక్కన పెడితే, 1876-78 కరువు ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి దాన్ని మనవాళ్లు ధాత కరువు అన్నారు. కర్నూలు, కడప, అప్పటి బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. అనంతపురం అప్పుడు బళ్లారిలోనే ఉండేది, 1882లో వేరే జిల్లా అయింది. సాగునీటి కోసం తవ్విన మా కర్నూలు-కడప కాలువ అప్పటికే ఉంది, అయినా ఆ చావులు ఆగలేదు. ఆ తెల్లవాళ్లు సినిమాలో ఊహించుకుని భయపడినదాన్ని మన ముత్తాతల ముందుతరం వైరస్ అవసరం లేకుండానే చూసింది. అందుకే ‘ప్రళయం’ అనే పెద్ద మాట నాకు డాబుగా కనిపిస్తుంది.

హంద్రీ ఒడ్డు:
కరువు అన్నది ఒప్పుకుంటున్నాను. కథాసారంలో ప్రళయం కొట్టేశాను.

ఈలోగా ఒక పని చేశాను. ఊరికి వెళ్లినప్పుడు అమ్మను అడిగాను. ఆమె ముప్పై ఏళ్లు కాలువ కింద వరిమళ్లలో కలుపు తీసిన మనిషి. వరి మొక్క ఒకటి, పక్కనే ఊద ఒకటి పీకి నా అరచేతిలో పెట్టింది. రెండూ పిల్ల మొక్కలు. అదే పచ్చదనం, అదే సన్నని ఆకు, అదే నిలువు ఈనెలు. నాకు తేడా కనిపించలేదు. అమ్మ ఆకును కాండం నుంచి వెనక్కి వంచి, ఆకు మొదలు దగ్గర గోటితో చూపించింది. వరికి అక్కడ తెల్లని పలుచని పొర, రెండు పక్కలా వెంట్రుకల కొక్కేలు ఉన్నాయి. ఊదకు ఏమీ లేవు, నున్నగా ఉంది. “ఇది లేనిది కలుపు” అంది. అంత బురదలో, వంగిన నడుముతో, వేలి కొసతో తడిమి చెప్పేవాళ్లట.

“రెండూ గడ్డేనా అమ్మా?” అన్నాను. “గడ్డి కాకపోతే ఏమిటి? ఒకటి కొడుకు, ఒకటి దాయాది” అంది.

గోడ భాషలో ఉంది గానీ మడిలో లేదు. ఇక ఊద మాత్రం ఏమైంది? అంగడిలో ఊదలని చిరుధాన్యాల వరుసలో పెట్టి సోనా బియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. దాయాది బాగుపడ్డాడు.

చిత్రావతి:
అమ్మగారి చేతికి దండం. నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ వైరస్ వచ్చినా మా అనంతపురం బతికి బట్టకడుతుంది! మా ఎర్రనేలలో ఉన్నదేమిటి? వేరుశనగ, కంది, ఉలవ, ఆముదం. ఒక్కటీ గడ్డి కాదు. పశువులకు కూడా చెనక్కాయ (వేరుశనగ) కట్టె వేస్తాం. లండన్ వాళ్లు తుపాకులు పట్టుకుని ఉత్తరానికి పోవడం కాదు, మా గుత్తికి రావలసింది.

కేసీ కాలువ:
మీరు చెనక్కాయలంటున్నారు, మేము బుడ్డలంటాం. ముందు దాని మీద యుద్ధం జరుగుతుంది.

పాలకొండలు:
చిత్రావతి అక్కా, 2000 సంవత్సరం మరిచిపోయారా? మీ జిల్లాలోనే వేరుశనగకు కాండం కుళ్ళు తెగులు వచ్చింది. అదీ వైరసే. సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని శాస్త్రవేత్తల అంచనా. నేను వ్యవసాయం చదువుకున్నవాణ్ణి కాబట్టి దాని తీరు చెబుతాను, మన చర్చకు అచ్చంగా పనికొస్తుంది. ఆ వైరస్ వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో దాగి ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి పూసుకుని వచ్చి వేరుశనగ ఆకును గీరతాయి. ఆ గీరిన చోటి నుంచి వైరస్ లోపలికి పోతుంది.

ఇప్పుడు వయ్యారిభామకు మనవాళ్లు పెట్టిన రెండో పేరు చూడండి. కాంగ్రెస్ గడ్డి. అది గడ్డే కాదు, పొద్దుతిరుగుడు కుటుంబం! గడ్డి అయిన వరిని గడ్డి అనం, గడ్డి కాని వయ్యారిభామను గడ్డి అంటాం. పనికిరానిదైతే చాలు, అది గడ్డి. ఇంతకూ ఆ తెగులు రాకుండా పొలం చుట్టూ ఏమి వేయమంటారో తెలుసా? నాలుగైదు వరుసలు జొన్న గానీ సజ్జ గానీ దట్టంగా వేయమంటారు. ఎగిరొచ్చే తామర పురుగులను అవి అడ్డుకుంటాయి. అంటే మీ చెనక్కాయకు కాపలా కాసేది అసలైన గడ్డి. అది పోతే మీ గుత్తి కూడా కష్టమే.

చిత్రావతి:
మా అనంతపురాన్ని పది నిమిషాలైనా బతకనివ్వలేదు కదా తమ్ముడూ!

బడిపంతులు:
ఈ అబ్బాయి చెప్పినదాన్ని బట్టి నా ఓటు మార్చుకుంటున్నాను. తెలుగులో గడ్డి మొక్క పేరు కాదు, హోదా పేరు. అందుకే తృణం అన్నా, గ్రాసం అన్నా, గరిక అన్నా అదే చిక్కు. మాట మార్చి లాభం లేదు. హంద్రీ ఒడ్డుగారూ, ఆ తిట్టునే వాడుకోండి.

హంద్రీ ఒడ్డు:
మాస్టారూ, అదే చేశాను. ఇప్పుడు మొదటి వాక్యాలు ఇవి: “అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా అని చిన్నప్పుడు మనల్ని అడిగేవారు. రెండూ ఒకటే. వరీ గడ్డే, గోధుమా గడ్డే, జొన్నా గడ్డే. ఒక రోజు ఆ గడ్డికి జబ్బు చేసింది.” ఎదురింటి పెద్దాయనకు ముందుగా పంపాను. ఈసారి ఫోను రాలేదు. సాయంత్రం గేటు దగ్గర కనిపించి, “చెరకు కూడా గడ్డేనా?” అని మాత్రం అడిగారు. అవునన్నాను. కాఫీలో చక్కెర గురించి ఆలోచిస్తున్నారని ముఖం చూస్తే తెలిసింది.

కేసీ కాలువ:
మరి సినిమాకు తెలుగు పేరు?

చిత్రావతి:
‘బలుసాకు’ అని పెట్టండి. బతికుంటే బలుసాకు తినవచ్చు అంటారు కదా. సినిమా అంతా ఆ ఒక్క సామెతే.

పాలకొండలు:
భలే! బలుసు కాఫీ కుటుంబం మొక్క. గడ్డి కాదు. మన గుట్టల్లో ముళ్లపొదగా ఉంటుంది. ఆ వైరస్ దాన్ని ముట్టుకోదు.

బడిపంతులు:
మూల రచయిత ఒప్పుకోకపోవచ్చు గానీ మా అవ్వ ఒప్పుకునేది. బలుసాకే ఖాయం.

హంద్రీ ఒడ్డు:
ఆదివారం చూశాం. కాలుష్యం గురించి మొదట్లో వచ్చే దృశ్యాలు పాఠం చెప్పినట్టు మరీ ముతకగా ఉన్నాయి. కంటికి నల్ల పట్టీ కట్టుకున్న నైజెల్ డావెన్‌పోర్ట్ మాత్రం బాగున్నాడు. అమ్మ కూడా వచ్చి కూర్చుంది. మాటలు అర్థం కాకపోయినా చివరిదాకా కదలలేదు. అంతా అయ్యాక చీర కొంగు సర్దుకుంటూ అడిగింది.

“ఇంతమంది చచ్చారు సరే, ఒక్కరి మూటలోనూ నాలుగు కందులు లేవా?”