బోర్డు మారిస్తే పాత విండోస్ ఉంచాలా, ఫార్మాట్ కొట్టాలా?

అరండల్‌పేట డీటీపీ:
గుంటూరులో మాది చిన్న డీటీపీ షాపు. వోల్టేజి దెబ్బకు పాత హెచ్81 మదర్‌బోర్డు పోయింది. హెచ్610 బోర్డు, ఐ3 12100 ప్రాసెసర్ తీసుకున్నాం. పాత సాటా ఎస్ఎస్‌డీ బాగానే ఉంది. అందులో విండోస్ 10, పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్, లెక్కలకు ట్యాలీ ఉన్నాయి. ఎస్ఎస్‌డీ తగిలిస్తే బూట్ డివైస్ లేదంటోంది. షాపు కుర్రాడు ఫార్మాట్ కొట్టక తప్పదంటున్నాడు, మా తమ్ముడు అక్కర్లేదంటున్నాడు. పెళ్ళిళ్ళ సీజన్, శుభలేఖల ఆర్డర్లు నెత్తిమీద ఉన్నాయి. ఎవరి మాట వినాలి?

గవర్నర్‌పేట అసెంబ్లర్:
కుర్రాడు చెప్పిందే కరెక్ట్ అండీ. పాత చిప్‌సెట్ డ్రైవర్లు, పాత గ్రాఫిక్స్ చెత్త అంతా అందులోనే ఉంటుంది. ఇవాళ బూట్ అయినా నెల తర్వాత బ్లూ స్క్రీన్ వస్తే తిట్లు మాకే. పైగా విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తోనే ఆగిపోయింది. కొత్త బోర్డులో 11 అడిగే సెక్యూరిటీ ఏర్పాటు టీపీఎం 2.0 ఉంది కదా, శుభ్రంగా 11 ఎక్కించుకోండి.

పటమట సిసాడ్మిన్:
అన్నా, ఆ భయం ఎక్స్‌పీ, విండోస్ 7 రోజులది. అప్పట్లో పాత డిస్క్ కంట్రోలర్ డ్రైవరు మాత్రమే బూట్‌లో లేచేది, కంట్రోలర్ మారితే 7బీ ఎర్రర్‌తో ఆగిపోయేది. విండోస్ 10 అలా కాదు, మొదటిసారి లేచేటప్పుడు కొత్త హార్డ్‌వేర్‌ను వెతుక్కుని, డ్రైవర్లు సర్దుకుని, ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ అవుతుంది. సాటా డిస్క్‌లు మామూలుగా నడిచే ఏహెచ్‌సీఐ మోడ్‌కు డ్రైవర్ విండోస్‌లోనే ఉంది. పాత బోర్డులో రెయిడ్ మోడ్ (డిస్క్‌లను జతగా నడిపేది) పెట్టి ఉంటే మాత్రం అది వేరే కథ.

ఇక్కడ అసలు చిక్కు డ్రైవర్లు కాదు. హెచ్81 రోజుల్లో మనవాళ్ళు చాలామంది లెగసీ మోడ్‌లో (పాత బూట్ పద్ధతి), ఎంబీఆర్ డిస్క్ (పాత పార్టిషన్ పద్ధతి) మీద విండోస్ వేసేవారు. కొత్త ఇంటెల్ బోర్డులో లోపలి గ్రాఫిక్స్ మీదే నడిపితే లెగసీ బూట్ ఉండదు, కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ ఒక్కటే. అందుకే డిస్క్ కనిపించినా బూట్ కాదు. దీనికి మైక్రోసాఫ్ట్ వాళ్ళదే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది, డేటా చెరపకుండా ఎంబీఆర్ డిస్క్‌ను యూఈఎఫ్ఐకి కావాల్సిన జీపీటీగా మారుస్తుంది. విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి షిఫ్ట్ ఎఫ్10 నొక్కండి, కమాండ్ విండో వస్తుంది. డిస్క్‌పార్ట్‌లో డిస్క్ నంబర్ చూసుకోండి. ముందు ఆ టూల్‌తోనే వాలిడేట్ (మార్చడం కుదురుతుందో లేదో పరీక్ష) చేయండి, అది పాసైతేనే కన్వర్ట్. ఈ పనంతా క్లోన్ చేసిన (అచ్చంగా కాపీ తీసిన) డిస్క్ మీదే, ఒరిజినల్ జోలికి వెళ్ళొద్దు.

మీ పాత బోర్డులో టీపీఎం ఉండకపోవచ్చు, కాబట్టి బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే ఎన్‌క్రిప్షన్) గొడవ ఉండదనుకుంటా. అది ఆన్‌లో ఉన్నవాళ్ళు మాత్రం 48 అంకెల రికవరీ కీ చేతిలో లేకుండా బోర్డు విప్పకండి.

గవర్నర్‌పేట అసెంబ్లర్:
బూట్ అయితే సరిపోయిందా తమ్ముడూ? ఓఈఎం లైసెన్స్ (మెషీన్‌తో పాటు వచ్చేది) అయితే అది బోర్డుతోనే పోయింది. యాక్టివేట్ చేయమని మళ్ళీ మెసేజ్ వస్తుంది.

పటమట సిసాడ్మిన్:
ఫార్మాట్ కొడితే పోయిన లైసెన్స్ తిరిగొస్తుందా అన్నా? ఓఈఎం అయితే రెండు దారుల్లోనూ కొత్తది కొనాల్సిందే. రిటైల్ (విడిగా కొన్నది) అయితే రెండింట్లోనూ పనికొస్తుంది. డిజిటల్ లైసెన్స్‌ను ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలిపి ఉంటే, ట్రబుల్‌షూటర్‌లో 'హార్డ్‌వేర్ మార్చాను' అన్నది ఎంచుకోవచ్చు. బోర్డు పోయాక కలుపుదామంటే కుదరదు.

లక్ష్మీపురం అకౌంటెంట్:
ట్యాలీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ లైసెన్స్ కూడా మెషీన్‌కు ముడిపడి ఉంటుంది. మామూలుగా పాత మెషీన్‌లో సరెండర్ చేసి కొత్తదాంట్లో యాక్టివేట్ చేస్తాం. మీకు ఆ అవకాశం పోయింది కాబట్టి సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన మెయిల్ దగ్గర పెట్టుకోండి. లేదంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎడ్యుకేషన్ మోడ్‌లో పడుతుంది, 1, 2, 31 తేదీలకు తప్ప వోచర్ ఎక్కదు. మిర్చి యార్డు పార్టీల బిల్లులు ఆ మూడు తేదీల్లోనే వేయమంటారా? డేటా ఫోల్డర్ మాత్రం ముందే కాపీ చేసుకోండి.

లినక్స్ బాబాయ్:
అందుకే లినక్స్ వాడమనేది. డ్రైవర్లు చాలావరకు కెర్నెల్‌లోనే (సిస్టమ్ మూల ప్రోగ్రాం) ఉంటాయి, ఏ బోర్డుకైనా తగిలించు, లేస్తుంది. బూట్ ఎంట్రీ పాత బోర్డు మెమరీలోనే ఉండిపోతుంది కాబట్టి ఒక్కోసారి మళ్ళీ రాయాలంతే.

అరండల్‌పేట డీటీపీ:
బాబాయ్, మా కస్టమర్ల ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్‌వి. ఇంకోసారి చూద్దాం.

పటమట గారూ, క్లోన్ మీద వాలిడేట్ నడిపాను, ఫెయిల్ అంటోంది. డిస్క్‌లో సిస్టమ్ రిజర్వ్‌డ్, సి, రికవరీ ఉన్నాయి. తర్వాత డి, ఇ.

పటమట సిసాడ్మిన్:
డి, ఇ రెండూ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌లో (లోపల మళ్ళీ డ్రైవ్‌లు పట్టే పెట్టె లాంటిది) లాజికల్ డ్రైవ్‌లుగా ఉండి ఉంటాయి. ఎంబీఆర్‌లో మూడు ప్రైమరీలు (నేరుగా ఉండే పార్టిషన్లు) అయ్యాక నాలుగోది చేస్తే విండోస్ అలాగే చేస్తుంది. ఆ టూల్‌కు ఎక్స్‌టెండెడ్ పడదు, ప్రైమరీలు మూడు దాటినా పడదు. ఆ రెండింటి డేటా ఒరిజినల్‌లో ఓపెన్ అవుతోందో లేదో చూసుకుని, క్లోన్‌లో డి, ఇ, ఆపైన ఎక్స్‌టెండెడ్ తీసేసి మళ్ళీ వాలిడేట్ చేయండి.

గవర్నర్‌పేట అసెంబ్లర్:
చూశారా? ఈ తంటాలు పడేలోపు నేనైతే ఫ్రెష్‌గా 11 వేసి, ప్రింటర్ కూడా పెట్టి పంపేవాణ్ణి.

అరండల్‌పేట డీటీపీ:
మరి పేజ్‌మేకర్, అను ఎవరు వేస్తారండీ? సీడీలు లేవు, వేసినాయన ఫోన్ ఎత్తడు. కస్టమర్లు చూసి ఓకే చెప్పిన శుభలేఖల్లో ఒక్క ఫాంట్ తేడా వచ్చినా మళ్ళీ ప్రూఫ్ చూపించాలి.

గవర్నర్‌పేట అసెంబ్లర్:
అదైతే నిజమే. సరే, 10 లేపుకుని సీజన్ గడిపేయండి. తర్వాత 11కి అప్‌గ్రేడ్ పెడితే ప్రోగ్రాములు ఉంటాయి, అప్పుడైనా నా మాట వినండి. నెట్‌వర్క్ డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, కొత్త బోర్డుల్లో ల్యాన్ ఒక్కోసారి దానంతటది పట్టుకోదు.

అరండల్‌పేట డీటీపీ:
ఎక్స్‌టెండెడ్ తీసేశాక వాలిడేట్ పాసైంది. కన్వర్ట్ కొడుతున్నా.