గొంతు బొంగురు తగ్గట్లేదు: క్యాన్సరా, టీబీనా?

ప్రశ్న:
మా నాన్నగారికి గొంతు బొంగురుపోయి నెలలు గడుస్తున్నాయి. యాంటీబయాటిక్స్ వాడినప్పుడల్లా తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొస్తోంది. ఇప్పుడు ఈఎన్‌టీ డాక్టర్ స్కోప్ వేసి చూసి స్వరపేటికలో పుండు ఉంది, క్యాన్సర్ కావచ్చు, టీబీ కూడా కావచ్చు, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తే గానీ చెప్పలేను అన్నారు. సిగరెట్లు తాగేవారు కాబట్టి ఇంట్లో అందరికీ టెన్షన్. దగ్గు కూడా పెద్దగా లేదు, అసలు టీబీ గొంతుకి వస్తుందా?

జవాబు:
వస్తుందండీ. ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి చెప్తున్నా, అరుదు గనక చాలామందికి వెంటనే తట్టదు, పైగా చూడ్డానికి అచ్చం క్యాన్సర్‌లాగే పుండుగానో కండ పెరిగినట్టుగానో ఉంటుంది. మింగేటప్పుడు నొప్పి రెండింటిలోనూ ఉండొచ్చు, దాన్నిబట్టి తేల్చలేం.

బయాప్సీకి ముందే డాక్టర్‌ని ఒకటి అడగండి: ఒక ముక్క ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే రసాయనం), ఇంకో ముక్క విడిగా సెలైన్‌లో (ఉప్పునీరు) పంపుతారా అని. ఇది చాలాచోట్ల మర్చిపోతారు. ఫార్మలిన్‌లో పడ్డాక క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ (క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూడటం) పెట్టలేం. మైక్రోస్కోప్ కింద గ్రాన్యులోమా (వాపు కణాల చిన్న గుంపు) కనిపించినా టీబీయే అనడానికి లేదు, కొన్ని ఫంగస్ జబ్బుల్లోనూ సార్కాయిడోసిస్ అనే ఇంకో జబ్బులోనూ అవే కనిపిస్తాయి. సెలైన్ ముక్కకి జీన్‌ఎక్స్‌పర్ట్ అనే టీబీ క్రిమి పరీక్ష చేస్తే మిషన్‌లో పెట్టిన రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, టీబీకి వాడే రిఫాంపిసిన్ మందుకి లొంగుతుందో లేదో తెలుస్తుంది. కల్చర్‌కి మాత్రం వారాలు పడుతుంది.

ప్రశ్న:
థాంక్సండీ. కళ్లె పరీక్ష నెగెటివ్ వచ్చింది, అంటే టీబీ కాదనేగా?

ఇంకొకరి జవాబు:
కాదండీ, అలా అనుకోవద్దు. కళ్లె నెగెటివ్, ఎక్స్‌రే నార్మల్ ఉన్నా స్వరపేటికలో టీబీ ఉండొచ్చు. పాత మందుల చీటీలు బయటికి తీయండి, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడి ఉంటే అది టీబీ క్రిమిని కూడా కొంత అణచిపెట్టి పరీక్షకి దొరక్కుండా చేస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కి తెలియాలి. బొంగురు తగ్గడానికని ఎవరైనా స్టెరాయిడ్ రాస్తే రిపోర్ట్ వచ్చేదాకా ఆగొచ్చా అని అడగండి. అప్పటిదాకా నాన్నగారికి మాస్క్ పెట్టండి, కిటికీలు తెరిచి ఉంచండి, ఈ రకం టీబీ బాగా అంటుకుంటుంది.

టీబీ అని తేలి, మందులు పనిచేసే రకమైతే సాధారణంగా 6 నెలల కోర్సు. కానీ ఒకే మనిషికి టీబీ, క్యాన్సర్ రెండూ ఉన్న కేసులు ఉన్నాయి, అందుకని మందులు మొదలుపెట్టాక కొన్ని వారాలకి కూడా పుండు మానకపోతే మళ్లీ స్కోప్ వేసి ఇంకో బయాప్సీ కావాలేమో అడగండి.